పేరు వెనక రెండక్షరాలు

మా నాయనకు సంతకం కూడా రాదు. తర్లుపాడు దగ్గర మెట్టచేను, రెండు ఎద్దులు. వాన పడితే సజ్జ, పడకపోతే ఆ పూటకు ఏ పని దొరికితే ఆ పని. నాకు జాబు రాయించాలంటే బడి అయ్యవారి దగ్గరికి పోయి, అరుగు కింద గొంతుక్కూచుని నోటితో చెప్పేవాడు. అయ్యవారు ఆ చెప్పింది రెండో పంక్తి నుంచి రాసేవాడు. మొదటి పంక్తి మాత్రం ఆయన సొంతం. ఎవరికి ఏ మర్యాద రాయాలో ఆయనకు తెలిసినట్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు.

పెళ్ళయి గిద్దలూరు పోయాక నాకు వచ్చిన జాబులన్నీ "చి.ల.సౌ." అని మొదలయ్యేవి. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని. పెళ్ళయిన కొన్నాళ్ళకే నా భర్త చలిజ్వరంతో పోయాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి జాబు "గం.భా.స." అని మొదలైంది. గంగాభాగీరథీ సమానురాలు అని. అంటే విధవ అని. నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే ఎదురొస్తే మొహం తిప్పుకుని వెనక్కి పోయే మనుషులు, కాగితం మీద మాత్రం గంగతో పోలుస్తారట! ఆ జాబు తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను. లోపల నాయన ఏం చెప్పుకున్నాడో చదవనే లేదు. నాకు ముక్కు మీద కోపం, అప్పుడూ ఇప్పుడూ.

జాబుకు జవాబు రాకపోయేసరికి నాయనే రైలెక్కి వచ్చాడు. "మొదటి మాట అయ్యవారు రాసినాడు తల్లీ. నేను మా అమ్మాయికి అని మాత్రమే చెప్పినాను" అన్నాడు. అత్తగారి వాళ్ళతో ఒక్క మాట గొడవ పడకుండా నా పెట్టె నెత్తిన పెట్టుకుని నన్ను వెంట తీసుకుపోయాడు.

పుట్టింట్లో మాత్రం ఎన్నాళ్ళని కూర్చుంటాను? పెళ్ళికి ముందు మార్కాపురంలో దొరల ఆడపిల్లల బడిలో చదువుకున్నాను. కాస్త ఇంగ్లీషు కూడా వచ్చు. ఆ దొరల ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందనీ, ఆమెకు తెలుగు నేర్పడానికీ రోగులు చెప్పేది విడమరిచి చెప్పడానికీ ఒక ఆడమనిషి కావాలనీ తెలిసింది. నాయన నన్ను తీసుకుపోయి ఆమె ముందు నిలబెట్టాడు.

"మతం పుచ్చుకోవాల్నా?" అని మొదట అదే అడిగాడు.

నేను సిగ్గుపడుతూ ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వి, "నేనే పుచ్చుకోలేదు" అన్నది. దొరల ఆసుపత్రిలో ఉండి, దొరల దేవుణ్ణి కొలవని దొరసాని ఏంది అని నాయన రైలు స్టేషను దాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

ఆమె యూదుల మనిషి. ఎక్కడో పోలండు దేశంలో చలి ఊరు. వాళ్ళ జనాన్ని తరిమి కొడుతున్న రోజుల్లో, వైద్యం చదువుకున్న చదువు ఒక్కటి చేతిలో పెట్టుకుని, ఎవరు రమ్మంటే అక్కడికి అని మద్రాసుకు ఓడెక్కింది. అక్కణ్ణుంచి కర్నూలు జిల్లాలో ఈ మూలకు వచ్చి పడింది. నారికురుపులు, తేలుకాట్లు, కాన్పులు, నల్లమల నుంచి చెంచులు మోసుకొచ్చే ఎలుగుబంటి గాయాలు, అన్నీ ఆమే చూసేది. పోలండు ఎక్కడుందో తెలియని ఊరివాళ్ళు జర్మనీ దొరసాని అనేవాళ్ళు. జర్మనీతో యుద్ధం మొదలయ్యాక ఆ పేరు విని ఒక సబ్-ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు. అప్పటికి ఆమెకు తెలుగు బాగానే వచ్చింది. నా దగ్గర నేర్చుకున్నది కాబట్టి నా తెలుగే ఆమె తెలుగు.

"వాళ్ళు చంపుతారని పారిపోయి వచ్చినాను. నేను వాళ్ళ మనిషినని మీరంటే ఎట్ల?" అని అడిగింది. పాపం, ఆయన మజ్జిగ తాగి తిరిగి వెళ్ళిపోయాడు.

నన్ను పంతులమ్మా అని పిలిచేది. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అమ్మా అనేదాన్ని.

ఆమె సామానులో ఒక రేకుపెట్టె ఉండేది. అందులో బట్టలు తక్కువ, కాగితాలు ఎక్కువ. ఒకసారి వానాకాలంలో ఆ పెట్టె తెరిచి కెవ్వుమన్నది. నేను పాము అనుకుని కర్ర తీసుకుని పరుగెత్తాను. పాము కాదు, చెదలు. కాగితాల కట్టకు ఒక అంచంతా తినేశాయి. ఆమె నేల మీద కూలబడి, ఒక్కొక్క కాగితం దులిపి ఒళ్ళో పెట్టుకుంటూ ఉంది. అట్లా వణికిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కడుపు కోసి బిడ్డను తీసేటప్పుడు కూడా వణకని చేతులు అవి.

అది వాళ్ళ నాయన రాసిన పుస్తకం. అచ్చు కాలేదు. వాళ్ళ ధర్మశాస్త్రం మీద వ్యాఖ్యానం. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా పండితులే. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట వాళ్ళ పెద్దలు ఏ తీరున రాశారో, ఈయన కూడా అదే హీబ్రూ, అదే తీరు. ఆమె బయల్దేరే రోజు స్టేషనుకు వచ్చి కట్ట చేతికిచ్చి, "నువ్వు పోతున్నావు గదా, ఇదీ పోనీ" అన్నాడట. తాను మాత్రం రానన్నాడు. పాఠం చెప్పుకోవడానికి శిష్యులున్నారు, వాళ్ళను వదిలి ఎక్కడికి అన్నాడట.

"దీనికి నకలు రాయాల. నువ్వు సాయం చెయ్యాల" అన్నది.

"నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు గదమ్మా!"

"భాష వద్దు. అక్షరం గుర్తుపడితే చాలు. ఒక్కరు రాసి ఒక్కరు చూడకపోతే తప్పులు పడతాయి."

యుద్ధం రోజులు, కాగితం దొరకడమే గగనం. ఒక్క కాగితం పాడుచేయడానికి వీల్లేదు. మార్కాపురంలో పలకలకు కరువా? పెద్ద పలక ఒకటి తెచ్చాను. ఆమె మూలం చూసి బలపంతో పలక మీద నాలుగు పంక్తులు రాసేది. నేను మూలం ఒళ్ళో పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసేదాన్ని. కుడి నుంచి ఎడమకు పోయే రాత. తేడా లేదంటే అప్పుడు కాగితం మీదకు ఎక్కించేది. ఆ తర్వాత పలక తడిబట్టతో తుడిచి మళ్ళీ నాలుగు పంక్తులు. మధ్యాహ్నం రోగులు పోయాక వసారాలో కూర్చుని ఈ పని. మొదట్లో నా తల ప్రాణం తోకకు వచ్చింది. తర్వాత అక్షరాలు మనుషుల్లాగా ఎదురుపడ్డం మొదలుపెట్టాయి. ఇది పొడుగు మెడది, ఇది వంకర కర్రది అని నేనే పేర్లు పెట్టుకున్నాను.

దేవుడి పేరు వచ్చిన చోట మాత్రం ఆమె పూర్తిగా రాసేది కాదు. ఒక్క అక్షరం రాసి పైన చిన్న గీత పెట్టేది. ఎందుకని అడిగితే, పేరు పూర్తిగా రాస్తే ఇంక ఆ పలక తుడవడానికి లేదట. నాకు నచ్చింది ఆ పద్ధతి. మా బడిలో పిల్లలు శ్రీరామ అని రాసి ఉమ్మి వేసి తుడిచేవాళ్ళు.

"ఈ పంక్తికి అర్థం ఏందమ్మా?" అని ఒకరోజు అడిగాను.

ఆమె వేలు పెట్టి చూపించింది. ఈ మూడు మాటలు ఒక కీర్తనలోవి. ఈ నాలుగు ఒక ప్రవక్త తిట్టిన తిట్లలోవి. ఇది ఒక రాణి కథలోది. ఇది పెళ్ళిపాట.

"మరి మీ నాయన సొంతమాట ఏదీ?"

"ఒక్కటీ లేదు" అన్నది గర్వంగా.

నేను నవ్వాను. మా అవ్వ పాతచీరలు చించి బొంత కుట్టినట్లుందే మీ నాయన రాత అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. అదే అదే అని చప్పట్లు కొట్టింది. వాళ్ళ పాత పండితులందరూ అట్లాగే రాసేవాళ్ళట. పిండి ధర పెరిగిందని రాయాలన్నా వాళ్ళ వేదంలోంచి నాలుగు మాటలు ఏరి అతికించాల్సిందే. అదీ సగం మాటే రాస్తారు. మిగతా సగం చదివేవాడికి నోటికి వచ్చి ఉంటుంది, అసలు సంగతి ఆ రాయని సగంలో ఉంటుంది. చిన్నప్పుడు వాళ్ళ నాయన అన్నం దగ్గర సగం మాట అని ఊరుకుంటే, ఈమె మిగతా సగం చెప్పాలట. చెబితేనే వెన్న పూసిన రొట్టె.

ఇంకో వింత. ఎప్పుడో వెయ్యేళ్ళ కింద చచ్చిపోయిన పండితుడి మాట చెప్పాలన్నా "అన్నాడు" అని రాయరు. "అంటున్నాడు" అని రాస్తారు. నాలుగు కాలాల మనుషులు ఒకే పేజీలో కూర్చుని ఒకరి మాట ఒకరు ఖండించుకుంటూ ఉంటారు. ఆ ఖండించడం కూడా ఎంత మర్యాదో! "నేను ఈ మహానుభావుల కాలిధూళిని, చీమను, నా మందబుద్ధికి వారి మాట అందలేదు" అని రాస్తాడు. దానికి అర్థం ఏమని అడిగితే, "ఆయన చెప్పింది తప్పు అని" అన్నది డాక్టరమ్మ. నేను కడుపుబ్బ నవ్వాను. మా తర్లుపాడులో గట్టు తగాదా ఈ భాషలో పడితే ఎంత బాగుండును అనుకున్నాను.

ఆ నవ్వుల్లోనే నేను ఆ పని చేశాను. అప్పటికి నాకు కొన్ని గుర్తులు బాగా వచ్చాయి. ఏ పెద్దమనిషి పేరు వచ్చినా వెనక ఒక వంకర కర్ర, ఒక పొడుగు మెడ, రెండింటి మధ్య పైన రెండు చిన్న గీతలు ఉండేవి. పేరు పేరుకీ అవే రెండక్షరాలు. మన గారు లాంటిదేలే అనుకున్నాను. ఇంతకంటే ఏముంటుంది? తాతగారు, ముత్తాతగారు, గురువుగారు. ఒకరోజు ఆమె పలక మీద వాళ్ళ నాయన పేరు రాసి, కాన్పు కేసు వచ్చిందని లేచిపోయింది. చూస్తే పేరు వెనక ఏమీ లేదు. అయ్యో, కన్నతండ్రి పేరు గారు లేకుండా బోడిగా వదిలేసిందే, తొందరలో మరిచిపోయింది కాబోలు అనుకుని, బలపం తీసుకుని ఆ రెండక్షరాలు నేనే చక్కగా రాసి పెట్టాను. గీతలు కూడా మరవలేదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి పలక చూసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఏందమ్మా?"

"ఎవరన్నా వచ్చినారా? జాబు వచ్చిందా? నిజం చెప్పు పంతులమ్మా, నాయన పోయినాడని ఎవరు చెప్పినారు?"

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదనీ, మర్యాద కోసం రాశాననీ చెప్పాను. ఆమె తడిబట్ట కూడా వెతకలేదు. చీరకొంగు అయినా లేని మనిషి, అరచేత్తో తుడిచేసింది ఆ రెండక్షరాలను. చాలాసేపు ఆ చెయ్యి పలక మీదే పెట్టుకుని కూర్చుంది.

తర్వాత చెప్పింది. ఆ రెండక్షరాలు చచ్చిపోయినవాళ్ళకు. వారి స్మృతి దీవెన అగుగాక అని. బతికి ఉన్నవాళ్ళకు వేరే ఉంది. వారి దీపం వెలుగుగాక అని. అదీ రెండక్షరాలే. ఆడమనిషి అయితే దీపం బదులు, ఆమె బతుకుగాక అని రాస్తారు. ఎవడి పేరు వాడే రాసుకుంటే ఏదీ రాసుకోడు. అందుకే వాళ్ళ నాయన పేరు వెనక ఏమీ లేదు.

నాకు తప్పు చేశానన్న బాధ కంటే కోపమే ముందు వచ్చింది. "ఏం మనుషులమ్మా మీరు, మేమూ! పేరు వెనకో ముందో ఒక ముద్ర లేకుండా మనిషిని పిలవలేమా?" అని నా కథంతా చెప్పేశాను. చి.ల.సౌ. నుంచి గం.భా.స. దాకా. పొయ్యిలో పెట్టిన జాబుతో సహా. ఆమె చెవి ఒగ్గి విన్నది. చిరంజీవి అంటే ఏమిటని అడిగింది. చాలాకాలం బతకాలని దీవించడం అన్నాను. "అదే గదా మాది కూడా!" అని నా చెయ్యి పట్టుకున్నది.

నాయన కందులు తీసుకుని వచ్చినప్పుడు ఆమె ఊరుకోలేదు. "అయ్యా, మీ అమ్మాయి బతికే ఉంది గదా. చిరంజీవి అని రాయించండి" అన్నది. నాయన తల వంచుకుని విన్నాడు. తర్వాత వచ్చిన జాబు "చిరంజీవి అమ్మాయికి" అని మొదలైంది. అయ్యవారు ఒప్పుకోకపోతే, రాసేదాకా అరుగు కింద నుంచి లేవనని మా నాయన కూర్చున్నాడట. ఆ జాబు మాత్రం దాచుకున్నాను.

నకలుకు ముఖపత్రం రాయాల్సిన రోజు వచ్చింది. కూతురు రాస్తున్న నకలు కాబట్టి తండ్రి పేరు వెనక ఏదో ఒక గుర్తు పెట్టి తీరాలి. ఏది పెడుతుంది? వాళ్ళ నాయన దగ్గర నుంచి యుద్ధం మొదలయ్యాక రెండు జాబులు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. దీపం అని రాస్తే, ఆయన పోయి ఉంటే, చచ్చిపోయిన మనిషిని పట్టించుకోని కూతురవుతుంది. తండ్రి పోతే వాళ్ళలో నేల మీద కూర్చుని చేయాల్సిన దుఃఖం చేయలేదవుతుంది. స్మృతి అని రాస్తే, ఆయన బతికి ఉంటే, చేతులారా చంపినట్లు. గట్టి కబురు రాకుండా ఏడవడానికి వాళ్ళ శాస్త్రం ఒప్పుకోదట. ఆమె పేరు రాసి, రెండక్షరాల చోటు వదిలి, కలం పక్కన పెట్టింది.

యుద్ధం ఎంతకీ తెగలేదు. ఆ ఖాళీ అట్లాగే ఉంది. మేము పుస్తకం మాత్రం ఆపలేదు. పీఠిక దగ్గరికి వచ్చాం. పీఠికలో ఆయన ఈ పుస్తకం రాయడానికి సాయం చేసినవాళ్ళందరినీ తలుచుకున్నాడు. మగవాళ్ళ పేర్ల వెనక దీపం గుర్తు, ఆడవాళ్ళ పేర్ల వెనక బతుకుగాక అనే గుర్తు. ఆమె ఒక్కొక్కరి సంగతి చెప్పేది. ఈయన శ్మశానానికి కాపలా మనిషి, చలికాలం తెల్లవారకముందే వచ్చి నాయన గదిలో పొయ్యి రాజేసేవాడు. ఈ కుర్రాడికి నత్తి, కానీ పాఠం చదివేటప్పుడు మాత్రం నత్తి ఉండదు. ఈమె పాలమనిషి, కాగితాలు తడవకుండా పాత నూనెగుడ్డ ఇచ్చింది. పాలమనిషిని పండితుడు పీఠికలో తలుచుకోవడం వాళ్ళ ఊళ్ళో పెద్ద గోలయిందట. నాకు ఆయనంటే అప్పుడు మహా ఇష్టం కలిగింది. మన శాస్త్రులు ఎవరన్నా సజ్జరొట్టె పెట్టిన మనిషిని పీఠికలో తలుచుకోగా నేను చూడలేదు.

పోస్టుమాను వచ్చే వేళకు ఆమె చేతిలో ఏ పని ఉన్నా చూపు గేటు మీదే. ఏమీ లేదని అతను దూరం నుంచే చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి ఊపడం అంటే నాకు ఒళ్ళు మంట. ఇంత దూరం వచ్చి నోటితో చెబితే నీ సొమ్మేం పోయింది అని ఒకసారి తగులుకున్నాను కూడా. "వచ్చి ఏం చెప్పాలమ్మా, ఆ తల్లి మొహం చూడలేక గదా!" అన్నాడు.

యుద్ధం అయిపోయిందని మార్కాపురంలో బడిపిల్లలకు మిఠాయిలు పంచారు. ఆ తర్వాత కూడా చాలా నెలలకు జాబు వచ్చింది. పోస్టుమాను ఆరోజు దగ్గరికి వచ్చి చేతికిచ్చాడు. ఎవరో ఆచూకీలు తీసే సంఘం వాళ్ళు రాసింది. చిన్న జాబు. ఆ ఊళ్ళో యూదులందరినీ ఊరిబయట అడవిలోకి తీసుకుపోయి కాల్చేశారు. ఏ రోజో సరిగ్గా తెలియదు. మిగిలిన మనిషి ఉన్నట్లు తమకు తెలియదు.

ఆమె జాబు మడిచి, ఇంకా మిగిలిన రోగులను చూసింది. ఆఖరి మనిషికి కట్టు కట్టి పంపించి, చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి, నేల మీద కూర్చుంది. వాళ్ళ ఆచారం ప్రకారం గౌను మెడ దగ్గర కాస్త చింపుకున్నది. కన్నీళ్ళు మాత్రం లేవు. మొదటి తిండి బయటివాళ్ళ ఇంటి నుంచి రావాలట. మా దగ్గరా అంతే గదా, చావింట్లో పొయ్యి వెలిగించరు. నేను కోడిగుడ్లు ఉడకబెట్టి, రొట్టె కాల్చి తీసుకుపోయాను. తినలేదు. చేతిలో పట్టుకున్నది.

కబురు తెలిసి నాయన వచ్చాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమే ముందు పలకరించింది.

"మీ చేలో వాన పడిందా అయ్యా?"

"పడలేదు తల్లీ" అన్నాడు. ఆగి, "మీ నాయన మంచి మనిషేనా?" అన్నాడు.

"చానా" అన్నది. మా మాట, మా ఊరి మాట. నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమెకు తుడుచుకోవడానికి ఏమీ లేదు.

నేల మీద కూర్చునే రోజులు తీరాక, ఆమె ముఖపత్రం తీసింది. ఇంక అనుమానం ఏముంది, వంకర కర్ర, పొడుగు మెడ రాస్తుంది అనుకుని పక్కన కూర్చున్నాను. వదిలిన చోటు రెండక్షరాలకు. ఆమె మూడు ఇరికించి రాసింది. నేను అంతవరకూ పేరు వెనక చూడని అక్షరాలు.

"ఇదేందమ్మా?"

"చంపబడినవాళ్ళకు ఇది. వాళ్ళ నెత్తురుకు దేవుడు బదులు అడుగుగాక అని. మా వాళ్ళకు ఇది పాత గుర్తే. నాలుగు వందల ఏళ్ళ కిందటి పుస్తకాల్లో కూడా ఉంది. చిన్నప్పుడు ఎక్కడన్నా కనబడితే నాయన చేత్తో మూసి పేజీ తిప్పేవాడు."

మా తెలుగులో దానికి మాట లేదు. వెతికాను. చిరంజీవి ఉంది, కీర్తిశేషులు ఉంది, దానికి లేదు.

తర్వాత ఆమె పీఠిక తీసింది. ఒక బ్లేడు తెచ్చింది. "బతికున్నవాళ్ళ గుర్తులు ఎక్కడున్నాయో ఒక్కొక్కటే చూపించు" అన్నది.

"ఎందుకమ్మా? మీ నాయన రాసినదే గదా. ఉండనీ."

"మూలంలో ఉంటుంది. అది నాయన రాసినప్పుడు నిజం. నకలు రాసేవాళ్ళు తమ కాలానికి ఏది నిజమో అది రాయాల. మా పద్ధతి అది. ఇట్లనే వదిలితే, చచ్చిపోయినారని తెలిసి కూడా నేను అబద్ధం రాసినట్లు."

నేను వేలు పెట్టాను. శ్మశానం కాపలా మనిషి. ఆమె బ్లేడుతో సిరా మెల్లగా గీకి, కాగితం గోరుతో నున్నగా రుద్ది, ఆ మూడక్షరాలు రాసింది. మళ్ళీ వేలు పెట్టాను. నత్తి కుర్రాడు. అతని దగ్గర కాస్త ఆగింది. ఇంకొకరు. ఇంకొకరు. ఎవరి పేరు మీద పెడితే వాళ్ళను నేనే చంపుతున్నట్లు అనిపించింది. చాలమ్మా, రేపు చేద్దాం అన్నాను. ఆమె వినలేదు. పాలమనిషి. ఆడవాళ్ళ గుర్తు అది, బతుకుగాక అని. దాన్నీ గీకేసింది.

పీఠికలో ఆఖరి పంక్తి. అక్కడ ఇంకో ఆడమనిషి గుర్తు ఉంది. ఆ పంక్తి అర్థం గానీ, ఆ పేరు ఎవరిదో గానీ ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. దాని మీద వేలు పెట్టి, "ఇదీ?" అన్నాను.

ఆమె బ్లేడు ఆనించబోయి ఆగిపోయింది.

"అది నేను" అన్నది.

ఆమె ఆ పంక్తి మీద వేలు నడిపిస్తూ తెలుగులో చదివింది. "ఈ పుస్తకము నా కుమార్తె చేతికి ఇచ్చుచున్నాను. ఆమె బతుకుగాక." ఆ తర్వాత నా వైపు చూసి, "ఈ పీఠికలో ఇంక ఈ మాట చెల్లేది నాకొక్కదానికే పంతులమ్మా" అన్నది.

నేను ఆమె చేతిలోంచి బ్లేడు లాక్కున్నాను. విధవ నోటి దీవెన పనికిరాదంటారు మా వాళ్ళు. శుభమా అని పిల్లను దీవించబోతే చెయ్యి పట్టుకుని పక్కకు లాగినవాళ్ళున్నారు. అంటే అననీ. ఆమె తల మీద నా రెండు చేతులూ పెట్టి, "నిండా నూరేళ్ళు బతుకమ్మా" అన్నాను. జాబు వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి, అప్పుడు నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.